వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా కెమెరాతో: ఎండను బట్టి దారి వేసుకోవడం ఎలా

ఉత్తర తెలంగాణ అంతా కారులో తిరిగి ఫోటోలు తీద్దామనుకునేవాళ్లు ముందుగా మ్యాపు తెరిచి ఊళ్లన్నిటినీ కలుపుతూ గీత గీస్తారు. రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం, కాళేశ్వరం, కుంటాల జలపాతం. రోజుకు మూడు చొప్పున చూసుకుంటే నాలుగు రోజుల్లో అయిపోతుందని తేలుతుంది. ఆ లెక్కలో కిలోమీటర్లు సరిగ్గానే ఉంటాయి గానీ వెలుతురు ఉండదు. రామప్పకు మిట్టమధ్యాహ్నం చేరతారు, కుంటాలకు చీకటి పడ్డాక చేరతారు.

కాబట్టి మ్యాపు కాసేపు పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. మీరు తీయాలనుకున్న ఒక్కో చోటు పేరు రాసి, దాని ఎదురుగా అక్కడ ఏ గంటకు ఎండ ఎటు నుంచి పడుతుందో రాయండి. ఆ గంటకు మీరు అక్కడ ఉండాలి. బండి నడపడం మిగతా గంటల్లో. నేను చెప్పబోయేదంతా ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి పని: నెల ఎంచుకోవడం

ఈ ప్రాంతం నెలనెలకూ మారిపోతుంది. ఏం తీయాలో తేల్చుకోకుండా సెలవులు దొరికాయని బయల్దేరితే సగం చోట్ల ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

జలపాతాలు కావాలంటే జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా. బొగత, కుంటాల, పొచ్చెర నిండుగా దూకేది అప్పుడే. కానీ ములుగు, ఏటూరునాగారం వైపు వాగులు రాత్రికి రాత్రే రోడ్డెక్కుతాయి. లో లెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే, మోకాలి లోతే కదా అని బండి దింపొద్దు. ఆ నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనిపించదు. నీళ్లు తగ్గేదాకా ఆగడమో, వెనక్కి తిప్పుకోవడమో ఒక్కటే మార్గం.

అక్టోబరు, నవంబరు నెలలు మనుషులను తీసేవాళ్లకు. బతుకమ్మ, దీపావళికి ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి, గుస్సాడీ ఆటలు, పొలాల్లో వరికోతలు, చేన్లలో పత్తి ఏరడం అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డిసెంబరు, జనవరిలో పొద్దున మంచు, పగలంతా తేటగా ఉండే ఆకాశం. కట్టడాలకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ఫిబ్రవరి, మార్చిలో అడవంతా మోదుగు పూస్తుంది, కళ్లాల్లో మిర్చి ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇప్పపువ్వు, తునికాకు సేకరణ కనిపిస్తుంది నిజమే గానీ రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఆ రెండు నెలలూ వద్దనే చెప్తాను.

ఒక్కసారే వెళ్లగలిగితే నవంబరు మధ్య నుంచి జనవరి చివరిలోపు వెళ్లండి.

రెండో పని: దారి

హనుమకొండలో మొదలుపెట్టి గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే రావచ్చు. 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు, అక్కణ్నుంచి పాలంపేట రామప్ప, లక్నవరం, తాడ్వాయి, ఏటూరునాగారం, వాజేడు దగ్గర బొగత. వెనక్కి వచ్చి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం. తర్వాత మంథని, గోదావరిఖని, మంచిర్యాల, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, ఆదిలాబాద్. అక్కణ్నుంచి 44వ నంబరు రహదారి పట్టుకుని నేరడిగొండ, నిర్మల్, ఆపైన జగిత్యాల, కరీంనగర్, హనుమకొండ. పక్కదారులు కలుపుకుంటే సుమారు వెయ్యి కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 55 లీటర్ల పైన ఇంధనం అవుతుంది. ఖర్చు లెక్క అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఈ చుట్టంతటికీ ఒకే ఒక నియమం పెట్టుకోండి: రాత్రి బస చేసే ప్రతి ఊళ్లో రెండు రాత్రులు. మొదటి సాయంత్రం కెమెరా భుజాన ఉన్నా చూడటానికే తిరగాలి. ఎక్కడ నిలబడాలి, ఏ చెట్టు అడ్డం వస్తుంది, గేటు ఎన్నింటికి తీస్తారు, టీ కొట్టు ఎక్కడుంది అన్నీ ఆ సాయంత్రమే తేలిపోతాయి. మర్నాడు తెల్లవారుజామున చీకట్లోనే నేరుగా ఆ చోటుకు వెళ్లి నిలబడగలుగుతారు. రెండు రాత్రులంటే చోట్లు తగ్గించాల్సి వస్తుంది. తగ్గించండి. బస కోసం హనుమకొండ, లక్నవరం, జన్నారంలో పర్యాటక శాఖ 'హరిత' పేరుతో నడిపే వసతులున్నాయి, మంచిర్యాల, ఆదిలాబాద్, నిర్మల్‌లో లాడ్జీలకు కొరత లేదు. శని, ఆదివారాలు లక్నవరం కిక్కిరిసిపోతుంది. అక్కడి బస వారం మధ్యలో పడేలా చూసుకోండి.

మూడో పని: బండి, సంచి

స్టెపినీలో గాలి ఉందో లేదో, జాకీ, వీల్ స్పానరు డిక్కీలో ఉన్నాయో లేదో బయల్దేరే ముందు రోజే చూసుకోండి. ములుగులో ఒకసారి, ఏటూరునాగారంలో ఒకసారి, అటు లక్షెట్టిపేటలో ఒకసారి ట్యాంకు నింపుకుంటే అడవి దారుల్లో గుబులుండదు. తాడ్వాయి రోడ్డు మీద కోతులు గుంపులుగా కూర్చుంటాయి. అద్దాలు ఎక్కించుకుని నడపండి, తినడానికి ఏమీ వేయొద్దు. వేసేవాళ్ల వల్లే అవి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

కెమెరా సంచి డ్రైవరు సీటు వెనకాల, కాళ్లు పెట్టే చోట ఉండాలి. అక్కడ ఎండ పడదు, కుదుపు తక్కువ, బయటివాళ్ల కంట పడదు. డ్యాష్‌బోర్డు మీద, వెనక అద్దం కింద ఎప్పుడూ పెట్టొద్దు. ఎండలో మూసి ఉంచిన కారు లోపలి వేడికి లిథియం బ్యాటరీలు పాడైపోతాయి. భోజనానికి దిగినా సంచి మీతోపాటే దిగాలి.

సామాను తక్కువే పెట్టుకోండి. 24-70 మిల్లీమీటర్ల లాంటి మామూలు జూమ్ లెన్సు ఒకటి, దూరానికి 70-300 ఒకటి, చీకటికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి. జలపాతాలుంటే ట్రైపాడ్, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు, మెరుపు తగ్గించే పోలరైజరు. ఇవి కాక ధూళి ఊదే బ్లోయరు, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, సిలికా జెల్ పొట్లాలు, జిప్ కవర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. చివరిది చాలామంది మర్చిపోతారు. లాడ్జి గదిలో మంచం దగ్గర ఉండేది ఒక్క ప్లగ్గే. కెమెరా బ్యాటరీలు, ఫోను, ల్యాప్‌టాప్ అన్నీ దానికే తగలాలి. కరెంటు పోయినప్పుడు అక్కరకొచ్చేలా కారు ఛార్జరు కూడా ఉంచుకోండి.

తినడానికి ఇంటి నుంచి సకినాలు, సర్వపిండి కట్టుకెళ్లండి. పొద్దున ఐదింటికి అడవి దారిలో హోటలు దొరకదు, ఖాళీ కడుపుతో మంచి ఫోటో కోసం ఎక్కువసేపు నిలబడలేరు.

నాలుగో పని: రోజును నడపడం

డిసెంబరు చివర్లో వరంగల్‌లో పొద్దు పొడిచేది 6:40 ప్రాంతంలో, కుంకేది 5:45 ప్రాంతంలో. దీన్ని బట్టి రోజు ఇలా సాగాలి. ఐదింటికి లేవడం, ఆరుంబావుకు చోటు చేరడం, తొమ్మిదిన్నర దాకా తీయడం. పదింటికి టిఫిను. పదకొండు నుంచి మూడింటి దాకా బండి నడపడం గానీ నిద్ర గానీ. మూడున్నర నుంచి చీకటి పడేదాకా మళ్లీ కెమెరా. రాత్రి భోజనం అయ్యాక ఫైళ్లు భద్రం చేసి పదింటికల్లా పడుకోవడం.

మధ్యాహ్నం నడపడంలో ఇంకో లాభం ఉంది. అడవి రోడ్ల మీద రాత్రి నడపాల్సిన పని తప్పుతుంది. కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే జన్నారం, ఉట్నూరు దారిలో పొద్దుగూకాక జింకలు, దుప్పులు రోడ్డు దాటుతుంటాయి, చెక్‌పోస్టుల దగ్గర రాత్రి రాకపోకల మీద ఆంక్షలు కూడా ఉంటాయి. వెలుతురుండగానే ఆ దారి దాటేయండి. ఏటూరునాగారం దాటితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గరపడుతుంది, పోలీసులు ఆపి అడుగుతారు. గుర్తింపు కార్డు పైజేబులో పెట్టుకోండి, ఎక్కడికి, ఎందుకు, ఎక్కడ బస అన్నది సూటిగా చెప్పండి. కెమెరా చూపించమంటే చూపించండి.

ఐదో పని: ఒక్కో చోట ఎలా తీయాలి

అన్ని చోట్ల గురించీ రాయను. చేయి తిరగడానికి మూడు నాలుగు చాలు.

రామప్ప. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గుడి తూర్పు ముఖం. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి దక్షిణం వైపు వంగి నడుస్తాడు. అంటే పొద్దున మొదటి గంటన్నరలో తూర్పు, దక్షిణం వైపు గోడల మీద ఎండ ఏటవాలుగా, చూరు కిందికి కూడా దూరేలా పడుతుంది. మదనికలనే స్త్రీల బొమ్మలు ఉన్నది ఆ చూరు కిందే. తొమ్మిది దాటి పొద్దు పైకెక్కాక చూరు నీడ వాటి ముఖాల మీద పడిపోతుంది. అందుకే ముందు ఆగ్నేయం మూలకు వెళ్లండి, గుడి మొత్తం కనిపించే ఫోటో తర్వాత తీసుకోవచ్చు. ఉత్తరం వైపు గోడ చలికాలమంతా నీడలోనే ఉంటుంది. అది లోపం కాదు. ఆ మెత్తని వెలుతురులో నల్లరాతి మెరుపు, నగల సన్నపని ఎక్కడా తెల్లబడకుండా వస్తాయి. ఎండ ముదిరాక ఆ వైపు పని పెట్టుకోండి.

గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు, లోపలి స్తంభాలు నున్నగా మెరిసే నల్లరాయి. నల్లటి బొమ్మతో ఫ్రేము నింపితే కెమెరా దాన్ని బూడిదరంగు చేయాలని చూస్తుంది, వెలుతురు పెంచేస్తుంది. కెమెరా వెలుతురు లెక్కను సవరించే ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్‌ను మైనస్ 1 దాకా దించండి, నలుపు నలుపుగానే ఉంటుంది. మంటపం లోపల చీకటి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి ఉండాలి కాబట్టి కెమెరాను సంచి మీద పెట్టి నేల మీద ఆనించండి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలేయండి. పైకప్పు చెక్కడం ఒణుకు లేకుండా వస్తుంది. స్తంభాలకు ఆనుకోవద్దు, బొమ్మల మీద చేయి వేయొద్దు. ఎనిమిది వందల ఏళ్లు నిలబడ్డ చెక్కడం మన చెమట చేతులతో అరిగిపోకూడదు. ఆ విషయంలో పక్కవాళ్లకు కూడా మర్యాదగా చెప్పండి.

వరంగల్ కోట. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి. ఒకటి ఎండలో ఉన్నప్పుడు ఇంకొకటి ఎదురు వెలుతురులో ఉంటుంది కాబట్టి పొద్దునైనా సాయంత్రమైనా ఇక్కడ పని దొరుకుతుంది. సాయంత్రం పడమటి తోరణాన్ని ఆకాశానికి ఎదురుగా నల్లటి ఆకారంగా తీయండి. వెలుతురు ఆకాశం మీద కొలవాలి, రాతి మీద కాదు. వేయిస్తంభాల గుడికి, భద్రకాళి చెరువు గట్టుకు ఒక్కో పూట సరిపోతుంది.

ఏనుమాముల మార్కెట్. నా మట్టుకు వరంగల్‌లో కెమెరాకు ఇంతకు మించిన చోటు లేదు. చలికాలం పత్తి, ఫిబ్రవరి నుంచి మిర్చి. మార్కెట్ సెలవులు కనుక్కుని, పొద్దున్నే జెండా పాటకు (ఆ రోజు మొదటి వేలానికి) ముందు లోపల ఉండేలా వెళ్లండి. మార్కెట్ ఆఫీసులో చెప్పి వెళ్తే రోజంతా ఎవరూ ఆపరు. హమాలీలు బస్తా వీపు మీద వేసుకుని పరుగులాంటి నడకతో వస్తారు. వాళ్ల దారికి అడ్డంగా నిలబడకూడదు, రాశి పక్కన గోడకు ఆనుకుని నిలబడి 1/500 షట్టరుతో తీయండి. రైతు దోసిట్లో మిర్చి ఎత్తి చూపిస్తుంటే, ఖరీదుదారు ఒక కాయ విరిచి గింజ చూసే క్షణం ఒకటుంటుంది. విరిచిన చేతిని కాదు, ధర చెప్పేదాకా ఆ చేతినే చూస్తున్న రైతు ముఖాన్ని తీయండి. ఆ సీజను మొత్తం ఆ ఒక్క చూపులో ఉంటుంది.

ఇక్కడ ఒక సాంకేతిక జాగ్రత్త. ఎర్రటి రాశి ఎండలో ఉంటే మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎంతుందో చూపే గీత) బాగానే చూపిస్తుంది గానీ ఎరుపు ఒక్కటే నిండిపోయి కాయల మడతలు కనిపించకుండా ముద్దగా వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి అంచుకు తగలకుండా మైనస్ 1/3, 2/3 దాకా దించండి. పత్తికి దీనికి తిరగబడ్డ లెక్క. తెల్లటి రాశిని కెమెరా మాసిన బట్టలా చూపిస్తుంది, ప్లస్ 1 దాకా పెంచాలి. మిర్చి యార్డులో మాస్కు, కళ్లజోడు తప్పనిసరి. లెన్సు మార్చడం మాత్రం అక్కడ అసలే చేయొద్దు. మిర్చి ధూళి గానీ పత్తి నూగు గానీ సెన్సారు మీద పడితే ఆ తర్వాతి ప్రతి ఆకాశంలోనూ మచ్చలు కనిపిస్తాయి. కారులోకి వచ్చి, అద్దాలు మూసి, కెమెరా ఆపేసి, నోరు కిందికి పెట్టి మార్చండి.

జలపాతాలు. బొగతకు చీకుపల్లి వాగు, కుంటాలకు కడెం వాగు ఆధారం. కుంటాల దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, కిందికి వందల మెట్లు దిగాలి, అదే బరువుతో మళ్లీ ఎక్కాలి. నీళ్లు పాలధారలా రావాలంటే షట్టరు 1/4 నుంచి 1 సెకను మధ్య. అంతకన్నా ఎక్కువైతే నీటి ధారల ఆకారం పోతుంది. మబ్బు పట్టిన రోజు అన్నిటికన్నా మంచిది. పోలరైజరు తిప్పితే తడి రాళ్ల మీది మెరుపు పోయి నాచు పచ్చదనం పైకొస్తుంది. తుంపర్ల కోసం పొడి గుడ్డ చేతిలో, ఇంకొకటి జేబులో ఉంచండి. కంచె దాటి రాళ్ల మీదికి దిగొద్దు. కుంటాలలో ప్రాణాలు పోయినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఫోటోల కోసం దిగినవాళ్లూ ఉన్నారు. వరద ఎక్కువుంటే అటవీ శాఖ లోపలికి వదలదు, గేటు దగ్గర బతిమాలకుండా వెనక్కి రండి.

వానాకాలం ఏసీ కారులోంచి కెమెరా తీసుకుని దిగగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. చోటు చేరడానికి పదిహేను నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి, కెమెరా బయటి వేడికి అలవాటు పడుతుంది.

మిగతావి క్లుప్తంగా. కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసేచోట పొద్దునే మంచిది, అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ. రేగొండ దగ్గర పాండవుల గుట్టలో ఆదిమానవుల రాతిచిత్రాలున్నాయి. రంగు బాగా కనిపిస్తుందని వాటి మీద నీళ్లు చల్లేవాళ్లున్నారు, అది చిత్రాన్ని చంపేస్తుంది. పొడిగానే తీసి, రంగు తేడా తర్వాత కంప్యూటర్లో తేల్చుకోండి. గోదావరిఖని, రామగుండం వైపు గనులు, విద్యుత్ కేంద్రాల వైపు అనుమతి లేకుండా కెమెరా ఎత్తొద్దు. షిఫ్టు దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డ కార్మికులను అడిగి తీయొచ్చు, నిజానికి ఆ ఊరి కథ వాళ్ల దగ్గరే ఉంటుంది. నిర్మల్‌లో పొణికి కర్రతో బొమ్మలు చెక్కే పనివాళ్ల దగ్గర తలుపు వెలుతురు చాలు, ఫ్లాష్ వేయకండి.

డ్రోను సంగతి ఒక్క ముక్కలో: కట్టడాలు, అభయారణ్యం, గనులు, జాతరల మీద అనుమతి కాగితం లేకుండా ఎగరేయొద్దు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీరున్న చోటు ఆకుపచ్చలో ఉందో లేదో చూసుకోకుండా పెట్టె కూడా తెరవొద్దు.

ఆరో పని: మనుషులను అడగడం

రాయి అడగదు, మనిషి అడుగుతాడు: ఎందుకు తీస్తున్నవు, ఏం చేసుకుంటవు? ఆ ప్రశ్న వాళ్లు వేయకముందే మీరు జవాబు చెప్పాలి. కెమెరా సంచిలోనే ఉంచి వెళ్లండి. ముందు పలకరింపు. వయసును బట్టి అవ్వా, బాపు, కాకా, అక్కా, అన్నా. గోండు గూడెంలో చేతులు జోడించి రాంరాం అనండి, ముందు పటేల్ ఇంటికి వెళ్లి ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకొచ్చారో చెప్పండి. ఆయన సరేనన్నాకే గూడెంలో తిరగాలి. చాయ్ ఇస్తే తాగండి.

మేడారం దారిలో బెల్లం బుట్టలు పెట్టుకుని అమ్మే ఒక అవ్వను నేను ఫోటో అడిగితే, "తీస్కో బిడ్డా, గని నాకు సుత సూపియ్యాలె" అన్నది. వెనక తెరమీద చూపిస్తే కొంగు సవరించుకుని "ఇప్పుడు తియ్యి" అన్నది. రెండో ఫోటోలో ఆమె కెమెరాకేసి కాదు, నాకేసి చూస్తోంది. తీసిన ప్రతిసారీ చూపించండి. వద్దంటే అక్కడే, వాళ్ల కళ్లముందే తుడిచేయండి. ఫోటోకు డబ్బులివ్వడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ల దగ్గర ఏదన్నా కొనండి, ఫోటో ప్రింటు ఇస్తానని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి, ఫోటో నంబరుతో సహా. పిల్లలను తీయాలంటే తల్లినో తండ్రినో అడగాలి. స్నానాల రేవుల వైపు లెన్సు తిప్పనే వద్దు.

జాతరలు వేరే లెక్క. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. ఆ రెండు సాయంత్రాలూ తోపులాటలో లెన్సులు మార్చే వీలుండదు, ఒక్క జూమ్‌తో సర్దుకోండి. కారు తీసుకెళ్లడం కన్నా హనుమకొండ నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సు మేలు. ఫోను సిగ్నలు అందదు, జతగాళ్లతో కలుసుకునే చోటు, గంట ముందే అనుకోవాలి. జంపన్న వాగులో జనం స్నానాలు చేస్తుంటారు. అక్కడ దూరం నుంచి జనసముద్రాన్ని తీయండి, మనుషులను విడివిడిగా కాదు.

కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్య నాడు మొదలవుతుంది. గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో పూజ చేస్తారు. ఆ రాత్రి గుడి దగ్గర ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో మెస్రం పెద్దలనే అడగండి, వాళ్లు చెప్పిన గీత దాటొద్దు. దీపావళి దండారిలో నెమలీకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలను గోండులు దైవంతో సమానంగా చూస్తారు. వాళ్లను ముట్టుకోవడం, పోజు పెట్టమనడం, మళ్లీ ఆడమని అడగడం తప్పు. ఆటకు వాళ్ల లయ ఉంటుంది, మీరే ఆ లయ పట్టుకోవాలి. డోలు దెబ్బలు నాలుగు సార్లు వింటే ఎప్పుడు గిరుక్కున తిరుగుతారో తెలిసిపోతుంది. తిరిగే క్షణానికి 1/30 షట్టరుతో కెమెరా కదిలిస్తూ తీస్తే ఈకలన్నీ చక్రంలా వస్తాయి.

బతుకమ్మకు హనుమకొండ మించినది లేదు. మొదటి రోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి, చివరి రోజైన సద్దుల నాడు పద్మాక్షి గుట్ట. పొద్దుగూకాక 50 మిల్లీమీటర్ల లెన్సు, ఐఎస్ఓ 3200, షట్టరు 1/125. ఫ్లాష్ వేస్తే పూల రంగులు చచ్చిపోతాయి.

ఏడో పని: రాత్రి

ఎంత అలసిపోయినా ఇది వదలొద్దు. ఒక రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫోటో) 30 ఎంబీ అనుకుంటే రోజుకు 500 ఫోటోలకు 15 జీబీ. రెండు ఎస్ఎస్‌డీలు పెట్టుకుని రెండింటిలోకీ కాపీ చేయండి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోండి, అప్పుడే కార్డు ఫార్మాట్ చేయండి. ఫోల్డరు పేరులో తేదీ, ఊరు ఉండాలి. రెండు డ్రైవులూ ఒకే సంచిలో పెడితే ఒకటి పోయినప్పుడు రెండూ పోతాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి మీతో వచ్చినవాళ్ల దగ్గర. తర్వాత బ్లోయరుతో కెమెరా ఒళ్లంతా ఊదండి, నోటితో ఊదొద్దు. గోదావరిఖని వైపు బొగ్గు ధూళి, ఏజెన్సీ రోడ్ల మీద ఎర్రమట్టి జూమ్ రింగు సందుల్లోకి దూరతాయి, ముందు మెత్తటి బ్రష్షు, తర్వాతే గుడ్డ. బ్యాటరీలన్నీ ఛార్జింగుకు పెట్టి, మర్నాడు వెళ్లే చోటి పేరు, గంట కాగితం మీద చూసుకుని పడుకోండి.

ఎనిమిదో పని: ఇంటికొచ్చాక

ముందుగా ప్రింట్లు. నోటుబుక్కు తీసి, మాటిచ్చిన ప్రతి ఒక్కరికీ 4×6 ప్రింటు తీయించి, వెనకాల పేరు రాసి, పోస్టులో పంపండి. ఇంటి నంబరు లేకపోయినా పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం, పిన్‌కోడు సరిగ్గా ఉంటే చిన్న ఊళ్లలో పోస్ట్‌మన్ చేరుస్తాడు. అదే దారిలో మళ్లీ వెళ్లేట్టయితే చేతికివ్వడం ఇంకా మంచిది. ఇది ఆలస్యం చేస్తే ఆ ఊరికి మీ తర్వాత వచ్చే ఫోటోగ్రాఫరును ఎవరూ నమ్మరు.

తర్వాత క్యాప్షన్లు. ఫోటో కింద ఊరు, మండలం, జిల్లా మూడూ రాయండి. జిల్లా రాసేటప్పుడు పాత పుస్తకాలు చూసి రాయొద్దు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు వేరే జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది. రామప్ప ఒకప్పుడు వరంగల్ జిల్లా, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, ఇప్పుడు ములుగు. కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది గానీ జన్నారం మంచిర్యాలకు వెళ్లింది. అనుమానం వస్తే ఆ ఊరి బడి బోర్డునో పంచాయతీ బోర్డునో ఫోటో తీసి పెట్టుకోండి. ఊళ్లోకి దిగగానే తీసే మొదటి ఫోటో అదే అయితే ఆ ఫోల్డరులో మిగతావన్నీ ఎక్కడివో వెతుక్కోవాల్సిన పని ఉండదు.